చెరిపిన గీతలు

మార్కులాయన కాగితం మీద మళ్ళీ సున్నా వేశాడు.

ఆమె కావాలని చూడలేదు. తన భర్త మేస్త్రి భుజం మీంచి జారిపోయిన తువ్వాలు సర్దుతుంటే కంటబడింది. కాగితం నిండా గళ్ళు. ప్రతి గడిలో ఒక ప్రశ్న, పక్కన అంకె వెయ్యడానికి చోటు. ‘తనంతట తాను పని మొదలుపెట్టాడా’ అన్నచోట సున్నా. ‘ఒక అడుగు నుంచి తర్వాతి అడుగుకి వెళ్ళాడా’ అన్నచోట ఇంకో సున్నా. సున్నా వెయ్యడానికి అంత గుండ్రంగా, అంత శ్రద్ధగా వెయ్యాలా అనిపించింది ఆమెకి.

“కింద ఏదో రాశారు కదా, ఏంటి సార్ అది?”

మార్కులాయన చెడ్డవాడేం కాదు. అడిగినదానికి విసుక్కోకుండా జవాబు చెప్పే మనిషి. కలం మూత పెట్టి, “చేసిందే చేస్తున్నారమ్మా. అదే రాశాను. సోమవారం దారం పట్టుకుని కూచున్నారు. నిన్నా దారమే. ఇవాళా దారమే. పక్కన మూడు తొట్ల నిండా రంగు రంగుల టైలు ముక్కలున్నాయా? ఒక్కటంటే ఒక్కటి ముట్టుకోలేదు” అన్నాడు.

“తల పగిలి రెండు నెలలే అయింది కదండీ.”

“అందుకే కదా గంటన్నర కూచుని చూస్తున్నాను. చూసింది రాయాలి. చూడనిది రాయలేను కదమ్మా.”

మేస్త్రికి ఈ మాటలేవీ పట్టలేదు. చక్రాల కుర్చీలో ముందుకి వంగి, సుద్దముక్కని దారం పొడుగునా రుద్దుతున్నాడు. ఎదురుగా బల్ల మీద మూడడుగుల చెక్క పలక. దారం ఒక కొస పలక కుడి మూల మీద పెట్టి, దాని మీద ఇనప గుండు బరువుంచాడు. రెండో కొస పట్టుకుని అవతలి మూల కోసం వెతుకుతున్నాడు. అది ఎడమ వైపు మూల. ఎడమ వైపు అనేది ఆయనకి లేకుండా పోయింది. కంచంలో కుడి పక్క అన్నం తిని కంచం ఖాళీ అయిందనుకుంటాడు. ఎడమ చెయ్యి ఎవరో ఒళ్ళో పెట్టి మర్చిపోయిన వస్తువులా పడి ఉంటుంది. పక్కగదిలో కసరత్తులు చేయించేవాళ్ళు రోజూ పొద్దున “ఎడమ చెయ్యి మేస్త్రిగారూ, ఎడమ చెయ్యి!” అని గొంతు పోయేలా అరుస్తారు. ఆయన మర్యాదగా కుడి చెయ్యి ఎత్తుతాడు.

దారం కొస పలక సగం దాకా పోయి ఆగింది. మళ్ళీ వెనక్కి వచ్చింది. మళ్ళీ బయల్దేరింది.

ఆసుపత్రిలో ఈ గదిని అందరూ బొమ్మల గది అంటారు. తలకి దెబ్బ తగిలినవాళ్ళని ఇక్కడ కూచోబెట్టి రంగులిస్తారు, మట్టి ఇస్తారు, టైలు ముక్కలిస్తారు. ఆమెకి మొదట్లో నమ్మకం కలగలేదు. మందులు, సూదులు అయితే సరే, ముసలివాళ్ళకి బొమ్మలేంటి అనుకుంది. కాని బొమ్మల టీచరు చేతుల్లో ఏదో ఉంది. ఆ పిల్ల ఎవరి చేత పని చేయించదు. పక్కన కూచుని తన పని తాను చేసుకుంటుంది, అంతే. చూసి చూసి మనుషులు చెయ్యి చాస్తారు. కిటికీ దగ్గర కూచునే కండక్టరు అలాగే చాచాడు. బస్సు బోల్తాపడి ఆయన జ్ఞాపకం చిల్లుపడ్డ సంచిలా అయింది. అయిదు నిమిషాల కిందటి మాట నిలవదు. అయినా నీలం ముక్కలతో ఒక చేపని చేశాడు. రోజూ పొద్దున దాన్ని చూసి, “భలే ఉందే! ఎవరు చేశారు?” అంటాడు.

“మీరే బాబాయ్” అంటుంది టీచరు.

“నేనా! అయితే టిక్కెట్టు లేకుండా చూడనివ్వను.”

ఆ చేపకి పది మార్కులొచ్చాయి. ఆమెకి అసూయ లేదు. కాని మేస్త్రి జీవితమంతా టైలు పరిచినవాడు. ఎన్ని ఇళ్ళలో మనుషులు ఆయన పరిచిన నేల మీద నడుస్తున్నారో! అటువంటి మనిషి టైలు ముక్కని ముట్టుకోకపోతే దేవుడి మీద కొంచెం కోపం వచ్చింది. కోపం వచ్చినందుకు వెంటనే లెంపలు కూడా వేసుకుంది.

శనివారం పెద్ద డాక్టరమ్మ కూచుని తేలుస్తుంది. ఇక్కడున్నవి పన్నెండే మంచాలు. బయట కాచుకున్నవాళ్ళు ఎంతమందో. బాగుపడే జాడ కనిపించినవాళ్ళకి ఇంకో ఎనిమిది వారాలిస్తారు. కనిపించనివాళ్ళని ఇంటికి పంపిస్తారు. కిందటిసారి పక్క మంచం ఆయన్ని అలాగే పంపారు. ఆయన కూతురు మొన్న ఫోన్ చేసింది. “గోడకేసి చూస్తూ కూచుంటున్నాడు పిన్నీ. కుర్చీ ఎటు తిప్పితే అటే చూస్తాడు” అంది. ఆమెకి అప్పటినుంచి ఇంట్లో ఏ కుర్చీ తల్చుకున్నా దాని ఎదురుగా గోడే కనిపిస్తోంది.

నాలుగున్నరకి గంట కొట్టారు. ఆయాలు వచ్చి కుర్చీలు తోసుకుపోయారు. నేల ఊడ్చే ఆయా చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

“రోజూ ఈ సుద్దపొడి ఏంటమ్మా? మీ ఆయన గీకడం, నేను ఊడవడం. ఆ పలక అయినా తుడవండి. అందరి పలకలూ పూలూ చేపలూ, మీది చూస్తే బడిపిల్లాడి పిచ్చిగీతలు.”

ఆమెకి చివుక్కుమంది. నిజంగానే పలక మీద తెల్లగా అలికినట్టు ఉంది. మధ్యలో సన్నగా ఒక ఏటవాలు గీత, పక్కన సగం సగం పడిన నాలుగైదు. కొళాయి కింద గుడ్డ తడిపి తెచ్చి, సోమవారం తుడిచినట్టే, నిన్న తుడిచినట్టే, మూల మూలలా శుభ్రంగా తుడిచింది. రేపు ఆయన కొత్తగా మొదలుపెట్టుకోవచ్చు. భర్త పని కోసం తను చెయ్యగలిగింది ఇదొక్కటే అని కాస్త తృప్తి కూడా పడింది.

*

గురువారం మేస్త్రి పలకని చూస్తూ చాలాసేపు కదల్లేదు.

“మొదలుపెట్టండి. ఎర్రముక్కలు బాగున్నాయి చూడండి. నాలుగు ఎర్రవి అంటిస్తే పువ్వయిపోతుంది” అందామె, ఎల్లుండి శనివారమన్న సంగతి గొంతులో తెలియనివ్వకుండా.

ఆయన పలక మీద అరచెయ్యి పెట్టి అటూ ఇటూ రాశాడు. చేతికి ఏమీ అంటలేదు. చెయ్యి తిప్పి చూసుకున్నాడు. తర్వాత పెద్ద ఊపిరి ఒకటి వదిలి దారం అందుకున్నాడు.

మార్కులాయన నిట్టూర్చి కలం మూత తీశాడు.

ఆ వేళ మేస్త్రి ఎందుకో గట్టిగా పట్టుపట్టాడు. దారం కొస ఎడమకేసి పోతూ పోతూ ఆగిపోయేది. మెడ తిరిగేది కాదు. అప్పుడాయన వేలితో పలక అంచు పట్టుకుని, చీకట్లో గోడ తడుముకుంటూ నడిచినట్టు, అంచు వెంబడే వేలు నడిపించుకుంటూ పోయాడు. మూల దొరికింది. దారం అక్కడ బొటనవేలితో నొక్కి, మునిపళ్ళతో మధ్యలో పట్టి లాగి వదిలాడు. టప్. తెల్లటి గీత, కొలబద్ద పెట్టినట్టు తిన్నగా, ఈ మూల నుంచి ఆ మూలకి. రెండో పక్క నుంచి ఇంకోటి వెయ్యడానికి గంట పట్టింది. మూతి నిండా సుద్ద. రెండు గీతలూ ఒకదాన్నొకటి దాటుకున్నచోట వేలు ఆనించి, తొట్టికేసి చూశాడు.

గంట కొట్టారు.

ఎప్పుడూ మేస్త్రిని తీసుకుపోయాకే ఆమె పలక తుడిచేది. ఆ రోజు కుర్చీ తోసే ఆయా ఆలస్యంగా వచ్చింది. ఊడ్చే ఆయా మాత్రం వేళకే వచ్చింది. ఆమె తడిగుడ్డ తెచ్చి పలక మీద పెట్టింది.

మేస్త్రి చెయ్యి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది.

నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకున్నాడు. ఆమె హడలిపోయింది. అప్పటికే గుడ్డ సగం గీత మీదుగా పోయింది. ఆయన ఆమె మొహంలోకి చూడలేదు. చెరిగిన సగం గీతనే చూశాడు. ఏదో అనడానికి పెదాలు కదిలాయి గాని, దెబ్బ తగిలినప్పటినుంచీ రానట్టే, మాట పైకి రాలేదు. కాసేపటికి వేళ్ళు వదులైపోయాయి. కుర్చీ వచ్చింది, ఆయన వెళ్ళిపోయాడు.

ఆ చూపు ఆమెని వదల్లేదు. జబ్బుమనిషి చూపు కాదది. అది తనకి తెలిసిన చూపే. తను గంజి వార్చిన అన్నంలో, తను మూతపెట్టిన గిన్నెలో ఎవరైనా తెలియకుండా గరిటె పెడితే తను అలాగే చూస్తుంది. చెడగొట్టినవాళ్ళని కాదు, చెడిపోయినదాన్ని చూసే చూపు.

ముప్పై ఏళ్ళు ఆయన చొక్కాలకి అంటిన సిమెంటు దులిపింది. ఆయన పనిచేస్తుండగా ఒక్కసారి కూడా చూడలేదు. వరండాలో బెంచీ మీద కూచుని పొడుగు మేస్త్రికి ఫోన్ చేసింది. ఆయన గోడలకి గార పూసేవాడు. ఇద్దరూ ఇరవై ఏళ్ళు కలిసి పనిచేశారు, అందులో సగం ఏళ్ళు మాటల్లేకుండా.

“ఏం చెల్లెమ్మా! ఆదివారం వద్దామనుకుంటున్నా. ఏమైనా తెమ్మంటావా?”

“ఏమీ వద్దన్నయ్యా. ఒక్క సంగతి చెప్పు. మీ పనిలో దారానికి సుద్ద రాసి లాగి వదుల్తారా?”

“అబ్బ, ఆ గీత ఊసెత్తకు. నా ప్రాణం తీశాడు దాంతో!” అవతలి గొంతు హుషారెక్కింది. “టైలు పనిలో మొదటి రోజు ఎవడూ టైలు వెయ్యడు చెల్లెమ్మా. వేశాడంటే వాడికి పని రాదన్నమాట. మూల నుంచి మూలకి దారం లాగుతారు. రెండు గీతలూ కలిసినచోటు గది నడుమ. అక్కణ్ణుంచి నాలుగు వైపులా బయటికి పరుచుకుంటూ పోవాలి. గోడ దగ్గర మొదలుపెట్టావనుకో, అవతలి గోడకి వెళ్ళేసరికి బెత్తెడు పీలికలు మిగిలి నేల ఏడుస్తుంది. మీ ఆయన గీత వేశాక దాని మీద పిల్లి నడిచినా ఊరుకోడు. ఒకసారి నా బొచ్చె లోంచి నాలుగు చుక్కలు గార పడిందని ఏడాది మాట్లాడలేదు, తెలుసా?”

“ఆ గీత ఎవరైనా తుడిచేస్తే?”

“ఎవరు తుడుస్తారు? అంత తెలివితక్కువవాళ్ళు ఎవరుంటారు?”

ఆమె ఫోను ఇంకో చెవికి మార్చుకుంది.

“చెల్లెమ్మా?”

“ఉంటే?”

“ఉంటే ఏముంది, మళ్ళీ మొదటికి రావాలి. గీత లేకుండా మాత్రం చచ్చినా ముక్క ముట్టుకోడు వాడు.”

ఫోన్ పెట్టేసింది. తడిగుడ్డ ఇంకా చేతిలోనే ఉంది. సోమ, మంగళ, బుధ, గురు. నాలుగు సున్నాలు. కాగితం మీద వేసింది మార్కులాయనే గాని వేయించింది తన చెయ్యి. భర్త చేసిందే చెయ్యడం లేదు. తను చెరిపిందే మళ్ళీ చేస్తున్నాడు.

తెల్లవారి దీపం దగ్గర నిలబడ్డప్పుడు రోజూ అడిగే వరాలేవీ నోటికి రాలేదు. ‘శుభ్రం నీకిష్టమంటారు కదా తండ్రీ, నేను చేసింది శుభ్రమే కదా, మరి ఇలా ఎందుకైంది?’ అని మాత్రం అడిగింది. జవాబు కోసం ఆగలేదు. ఎనిమిదింటికల్లా బొమ్మల గదిలో ఉండాలి.

*

టీచరు అంతా విని కుర్చీలో కూలబడింది.

“తప్పు మీ ఒక్కరిదే కాదమ్మా. ముక్క అంటిస్తేనే మొదలుపెట్టినట్టని సార్‌కి చెప్పింది నేనే. నేను బొమ్మ ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాను.” ఆ పిల్ల పలకని కిటికీ వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంది. తడిగుడ్డ పోనిచోట సగం గీత ఇంకా ఉంది. దాని వెంబడే వేలు పోనిచ్చి ఉలిక్కిపడింది. “అమ్మా, ఇది చూడండి. ఇది ఎడమ మూల.”

“అవును.”

“సరిగ్గా మూల మొనకి వెళ్ళింది. రెండు నెలలుగా ఈయన ఎడమకి చూడటం లేదని మేమందరం తలలు బాదుకుంటున్నాం!”

ఇద్దరూ మార్కులాయన గదికి వెళ్ళారు. ఆయన నిలబడే విన్నాడు. మధ్యలో ఒకసారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“నాలుగు రోజుల కాగితాలూ పైకి వెళ్ళిపోయాయి. మీరు చెప్పింది నమ్ముతున్నానమ్మా. కాని నేను నమ్మింది రాయడానికి అందులో గడి లేదు. రేపు పదింటికి డాక్టరమ్మ వస్తుంది. ఒక్క ముక్కయినా అంటించి చూపించండి. అప్పుడు ఎవరం ఏదైనా మాట్లాడటానికి వీలుంటుంది.”

ఆ వేళ కసరత్తులు మానిపించి మేస్త్రిని పొద్దున్నే తీసుకొచ్చారు. ఆయన పలకని చూశాడు. ఆమెని చూశాడు. ఆమె చేతుల్లో ఏ గుడ్డా లేదు.

“ఏమండీ, నాకు తెలియదు. తెలిసి తుడవలేదు” అంది.

మేస్త్రి దారం అందుకున్నాడు. దారానికి సుద్ద రాశాడు. గుండు కోసం చెయ్యి చాచి, చాచిన చెయ్యి మధ్యలో ఆపి, దారం కొస ఆమెకిచ్చాడు.

ఆమె కొస పట్టుకుని మూల మీద పెట్టింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. పైన పట్టుకోవడం కాదు, నొక్కిపెట్టాలట. తన బొటనవేలు చూపించాడు. ఆమె నొక్కింది. ఇంకా గట్టిగా, అన్నట్టు చూశాడు. గోరు తెల్లబడేలా నొక్కింది. టప్. నాలుగు సాయంత్రాలు పట్టిన పని పది నిమిషాల్లో అయిపోయింది. నడుమ దొరికింది.

ఆ తర్వాత మేస్త్రి ఎవరికీ అందలేదు. తొట్లోంచి గుప్పెళ్ళతో ముక్కలు తీసి, పెద్దవి ఒక కుప్ప, చిన్నవి ఒక కుప్ప, అంచు పోయినవి ఒక కుప్ప చేశాడు. నడుమ మీద ఒక తెల్ల ముక్క పెట్టాడు, జిగురు లేకుండా, ఊరికే. దాని చుట్టూ నాలుగు నీలాలు. వాటి సందుల్లో మళ్ళీ తెల్లవి. ఒక వరస పూర్తయ్యాక వెనక్కి వాలి, ఒక కన్ను మూసి చూసి, రెండు ముక్కలు తీసి తిప్పి పెట్టేవాడు. ఎడమ పక్క వరస దగ్గర చెయ్యి ఆగిపోయినప్పుడల్లా గీతని చూసుకునేవాడు. గీత ఎడమకి పోతోంది. గీత పోయినచోటికి చూపు పోక తప్పదు. చూపు వెనక చెయ్యి పోయింది.

నాలుగున్నర అయ్యేసరికి పలక నడుమ నుంచి నీలం, తెలుపు రేకులు విచ్చుకున్నాయి. ఒక్కటీ అంటించలేదు. ఊదితే కదిలిపోతాయి.

చీపురుతో ఆయా వచ్చింది. సాయంత్రాలు ఈ గదిలోనే నడక నేర్పిస్తారు. బల్లలన్నీ తీసెయ్యాలి. ఆమె ఆయాకి ఎదురుపడి రెండు చేతులూ పట్టుకుంది.

“అక్కా, నీ నేల నేను ఊడుస్తాను. పలక మాత్రం కదిలితే మా కొంప మునుగుతుంది.”

ఆయా పలకకేసి చూసింది. చూసి చీపురు గోడకి ఆనించింది. “ఇది ఆయన చేశాడా? బడిపిల్లాడి గీతలన్నాను, నా నోరు పడ!” అని కొంగు బిగించింది. “పట్టండి తలో మూలా.”

టీచరు, ఆయా, ఆమె, కండక్టరు నలుగురూ తలో మూల పట్టుకుని, నిండుకుండ మోసినట్టు అడుగులో అడుగేసుకుంటూ, కిటికీ దగ్గర అరుగు మీదికి చేర్చారు. కండక్టరు దాని పక్కనే కుర్చీ వేసుకుని కూచున్నాడు.

“బాబాయ్, దీన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వద్దు” అంది టీచరు.

“నా బస్సులో అనుమతి లేకుండా సీటెక్కిందెవరు?” అన్నాడాయన.

అన్నం వేళకి ఆమె తొంగిచూసేసరికి ఆయన అక్కడే ఉన్నాడు. కంచం కూడా అక్కడికే తెప్పించుకున్నాడు. “ఇక్కడెందుకు కూచున్నానో మర్చిపోయాను తల్లీ. ఎవర్నీ ముట్టుకోనివ్వకూడదని మాత్రం గట్టిగా గుర్తుంది” అన్నాడు.

ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అయిదు నిమిషాల మాట నిలవని మనిషికి ఇది ఎలా నిలిచిందో ఏ డాక్టరు చెప్పగలడు?

*

శనివారం పదింటికి డాక్టరమ్మ వచ్చింది. సన్నగా, చప్పుడు లేకుండా నడిచే మనిషి. వెనక మార్కులాయన, చంకలో కాగితాల కట్ట.

“ఒక్కటీ అంటించలేదు కదా” అంది పలకని చూసి. అన్యాయంగా అనలేదు. కనిపించింది అంది.

ఆమె డాక్టరమ్మకి ఎదురుగా వచ్చింది. నిలబడి చెప్పేసింది. “తుడిచింది నేనమ్మా. నాలుగు రోజులూ నేనే తుడిచాను. ఆయన రోజూ మొదలుపెడుతూనే ఉన్నాడు. ఆ సున్నాలు నాకు వెయ్యండి.”

డాక్టరమ్మ ఆమెకేసి చూసి, టీచరుకేసి చూసింది. టీచరు తలూపింది. “సరే. ఇప్పుడు చేయించండి. పది నిమిషాలు చూస్తాను” అని కుర్చీ లాక్కుని కూచుంది.

టీచరు గిన్నెలో కలిపి ఉంచిన జిగురు మేస్త్రి ముందు పెట్టింది. ఆయన చిన్న తాపీ ముంచి పైకెత్తాడు. జిగురు సన్నటి ధారగా కిందికి జారింది. మొహం చిట్లించాడు. మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ జారింది. తాపీ కింద పెట్టేసి గది నాలుగు వైపులా చూశాడు.

“ఏం కావాలి మేస్త్రిగారూ?” అంది టీచరు.

మాట ఎక్కడో అడుగున ఉంది. చేదుకుంటున్నాడు. మెడనరం లేచింది. “పొడి” అన్నాడు.

టీచరు పరిగెత్తింది. పొడి అలమరలో లేదు, పక్కగదిలో ఉంది. రెండు నిమిషాలు పోయాయి. మార్కులాయన గడియారం చూసుకున్నాడు. డాక్టరమ్మ ఇంకా పదకొండుమందిని చూడాలి.

‘ఏమండీ, నీళ్ళగా ఉంటే ఉండనివ్వండి, ఒక్కటి అంటించండి, ఒక్కటి! గోడెదురుగా కుర్చీ వేసి మిమ్మల్ని కూచోబెట్టలేను’ అని అరవాలనిపించింది ఆమెకి. ముందుకి వంగింది కూడా. కాని నిన్న నొక్కిపెట్టిన బొటనవేలు ఇంకా మొద్దుబారే ఉంది. ఆయన పనిలో చెయ్యి పెట్టి నాలుగు రోజులు పోగొట్టింది చాలు. పెదాలు బిగించుకుంది.

పొడి వచ్చింది. మేస్త్రి కొంచెం చల్లి కలపసాగాడు. గిన్నె తేలికది. తాపీ తిరిగినప్పుడల్లా గిన్నె కూడా తిరిగింది. బల్ల మీద జారి అంచుదాకా పోయింది. ఆయన వెనక్కి లాక్కుని మళ్ళీ కలిపాడు. మళ్ళీ జారింది. టీచరు పట్టుకోబోయింది. డాక్టరమ్మ చూపుడువేలు కొద్దిగా ఎత్తింది. టీచరు ఆగిపోయింది.

మూడోసారి గిన్నె అంచు దాటి ఒరిగింది.

ఒళ్ళోంచి ఎడమ చెయ్యి లేచింది.

ఎవరూ లెమ్మనలేదు. ఆయన దానికేసి చూడను కూడా లేదు. నిద్రలోంచి లేచినట్టు తడబడుతూ వచ్చి, వేళ్ళు ముడుచుకునే, గిన్నె అంచుకి ఆనుకుంది. గిన్నె ఆగింది. వేళ్ళు ఒక్కొక్కటే విప్పారి గిన్నెని పట్టుకున్నాయి. మేస్త్రి కలుపుతూనే ఉన్నాడు. జిగురు చిక్కబడింది. తాపీ ఎత్తాడు. ఈసారి జారలేదు, ముద్దగా నిలబడింది. “ఊఁ” అన్నాడు, గిన్నెతోటి.

పక్కగదిలో రోజూ గొంతు పోయేలా అరిచే కసరత్తు మాస్టారు ఎప్పుడొచ్చాడో, గుమ్మంలో నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

మేస్త్రి నడుమనున్న తెల్లముక్క తీసి, కింద జిగురు పరిచి, ముక్క పెట్టి, తాపీ పిడితో రెండుసార్లు తట్టాడు. చప్పుడు విని ఇంకోసారి తట్టాడు. రెండో ముక్క దగ్గర డాక్టరమ్మ నీడ పలక మీద పడింది. ఆయన తలెత్తకుండా చేత్తో సైగ చేశాడు, పక్కకి జరగమని. డాక్టరమ్మ గబుక్కున లేచి కుర్చీ జరుపుకుంది.

మార్కులాయన కాగితం పట్టుకుని తడబడ్డాడు. ఒక గడి చూశాడు, ఇంకో గడి చూశాడు. చివరికి కాగితం తిరగేసి, తెల్లగా ఉన్న వెనక వైపు మొత్తం రాయసాగాడు. పది నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. ఎవరూ గడియారం చూసుకోలేదు.

“ఈ పలక పూర్తవడానికి ఎన్ని రోజులు పడుతుంది మేస్త్రిగారూ?” అని అడిగింది డాక్టరమ్మ. ఇంటి పని చేయించుకునే మనిషి అడిగినట్టే అడిగింది.

ఆయన వరసల మీదుగా చూపు పోనిచ్చాడు, కుడి నుంచి ఎడమ చివరిదాకా. “అయిదు.” ఇంకో మాట చేదుకున్నాడు. “ఆరడానికి... రెండు.”

“మీకు ఎనిమిది వారాలిస్తున్నాను. సరిపోతాయా?”

మేస్త్రి పలక నుంచి కళ్ళెత్తి గది గోడలన్నీ ఒకసారి చూశాడు. నున్నగా, ఖాళీగా ఉన్న గోడలు. బేరం తెగినట్టు తలూపాడు.

డాక్టరమ్మ వెళ్తూ వెళ్తూ ఆమె భుజం తట్టి, “ఈయన పక్కన మీరు కూడా రోజూ కూచోండి. అందివ్వడానికి మనిషి కావాలి కదా” అంది. కండక్టరు లేచి, “దారి ఇవ్వండి, దారి ఇవ్వండి” అంటూ డాక్టరమ్మని గుమ్మం దాకా దిగబెట్టి వచ్చాడు. వచ్చి, ఆవిడెవరని అడిగాడు.

ఆమెకి కళ్ళ నిండా నీళ్ళు. దణ్ణం పెట్టుకోవడానికి చేతులు ఎత్తబోయింది. అప్పటికే మేస్త్రి చెయ్యి చాచి ఉంది, ముక్క కోసం. దణ్ణం తర్వాత పెట్టుకోవచ్చనుకుని తొట్లోంచి నీలంముక్క తీసి ఆ చేతిలో పెట్టింది.

ఆయన దాన్ని వెలుతురుకి ఎత్తి, నాలుగు అంచులూ చూసి, మళ్ళీ ఆమె చేతిలోనే పెట్టేశాడు.

“మూల... పోయింది” అన్నాడు. ఇంకో మాట పైకొస్తోందని ఆమెకి తెలిసింది. “కళ్ళు... లేవా?”

ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన పని దగ్గర ఆమె తిన్న మొదటి చీవాట్లు. ఏమవుతుందో చూడ్డానికి వచ్చిన ఆయా గుడ్లప్పగించింది. టీచరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“ఉన్నాయండీ, ఉన్నాయి” అంటూ ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని, తొట్లోకి వంగి, ఇంకో నీలంముక్క తీసి నాలుగు మూలలూ వేలితో తడిమి చూసింది.